టైప్ 1 మధుమేహం: స్వరూపం, దీర్ఘకాల ప్రభావాలు, నల్లమల అంచున సంరక్షణ

నిర్వచనం

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు నశించి, శరీరానికి ఆ హార్మోన్ దాదాపుగా కరువైపోవడం వల్ల వచ్చే జీవితకాల వ్యాధి టైప్ 1 మధుమేహం. చాలామందిలో ఆ కణాలను నాశనం చేసేది సొంత రోగనిరోధక వ్యవస్థే. పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో, యువతలో ఎక్కువగా బయటపడుతుంది, అయితే ఏ వయసులోనైనా రావచ్చు. పాత వైద్య గ్రంథాలు దీన్ని ‘బాల్య మధుమేహం’ అనీ ‘ఇన్సులిన్ ఆధారిత మధుమేహం’ అనీ పిలిచాయి.

పల్లెల్లో ‘షుగర్’ అనగానే గుర్తొచ్చేది నలభై దాటినవాళ్ల జబ్బు. మాత్ర వేసుకుని, తీపి మానేసి, నాలుగడుగులు నడిస్తే అదుపులో ఉండేది. అది టైప్ 2. టైప్ 1 పిల్లవాడు మాత్రలతో బతకలేడు. ఎంత పత్యం చేసినా ఇన్సులిన్ లేకపోతే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. రెండింటికీ ఒకే పేరు ఉండటం పిల్లల్లో రోగం ఆలస్యంగా తెలియడానికి ఒక కారణం.

ఈ వ్యాసంలో సంరక్షణను వివరించే భాగాలు నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని మన్ననూరును దృష్టిలో పెట్టుకుని రాసినవి. హైదరాబాద్–శ్రీశైలం దారిలో నల్లమల అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు ఇది. చెంచుల కోసం ఏర్పాటైన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఇక్కడే ఉంది.

పేరు, చరిత్ర

‘మధు’ అంటే తేనె, ‘మేహం’ అంటే మూత్రరోగం. తెలుగులో అతిమూత్రవ్యాధి అన్న పాత పేరు కూడా ఉంది. సుశ్రుత సంహిత ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చే సహజం, ఆహార విహారాల తప్పుల వల్ల వచ్చే అపథ్యనిమిత్తజం అని విడదీసి, మొదటి రకం రోగి చిక్కిపోయి, దాహంతో ఉంటాడని వర్ణించింది. అది నేటి టైప్ 1తో అచ్చంగా సరిపోతుందని చెప్పలేం. కానీ సన్నని రోగి వేరు, స్థూలకాయుడైన రోగి వేరు అన్న గమనిక మాత్రం చాలా పాతది.

1869లో పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలోని కణాల గుంపులను వర్ణించాడు. వాటినే ఇప్పుడు లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నాం. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ క్లోమ సారాన్ని వేరుచేశారు. జేమ్స్ కాలిప్ దాన్ని శుద్ధి చేశాడు. ఈ పనంతా జాన్ మెక్లియాడ్ ప్రయోగశాలలో జరిగింది. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేశారు. అది సరిగా పనిచేయలేదు. జనవరి 23న శుద్ధి చేసిన మందు ఇచ్చాక చక్కెర దిగింది. అంతకుముందు ఇలాంటి పిల్లలకు ఉన్న ఒకే ఒక ఉపాయం కడుపు మాడ్చి కొన్ని నెలలు బతికించడం. 1923లో బాంటింగ్, మెక్లియాడ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్, బెస్ట్, కాలిప్ పేటెంటును ఒక్కొక్కరు ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ మందు అందక నేటికీ పిల్లలు చనిపోతున్నారంటే, అది ఆ ముగ్గురూ కోరుకున్నది కాదు.

1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ మధుమేహులను ఇన్సులిన్‌కు బాగా స్పందించేవారు, స్పందించనివారు అని రెండుగా విభజించాడు. 1974లో రోగుల రక్తంలో పుటికలపై దాడిచేసే ప్రతిరక్షకాలు కనబడటంతో ఇది స్వయం ప్రతిరక్షక వ్యాధి అని రూఢి అయింది. పంది, పశువుల క్లోమాల నుంచి తీసే ఇన్సులిన్ స్థానంలో 1982లో జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన మానవ ఇన్సులిన్ వచ్చింది.

వ్యాధి జరిగే తీరు

అన్నం, రొట్టె, గట్క ఏది తిన్నా అందులోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది. బీటా కణంలోకి గ్లూకోజ్ చేరినప్పుడు అక్కడ ఏటీపీ అనే శక్తి అణువు పెరుగుతుంది. దాంతో కణం గోడలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి విడుదలవుతుంది. ఈ ఏటీపీని కండరంలో తొలిసారి గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా కార్ల్ లోమాన్ 1929లో దాన్ని ప్రకటించారు.

ఇన్సులిన్ కండరాల్లోకి, కొవ్వులోకి గ్లూకోజ్‌ను పంపుతుంది, కాలేయం అదనంగా చక్కెర తయారు చేయకుండా ఆపుతుంది. అది లేనప్పుడు రక్తంలో చక్కెర పొంగుతుంది, కణాలకు మాత్రం ఆకలి తీరదు. శరీరం కొవ్వును కరిగించి వాడుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి.

దాడి ఎందుకు మొదలవుతుందో ఒక్క మాటలో చెప్పలేం. హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో డీఆర్3, డీఆర్4 రకాలు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. ఎంటరోవైరస్‌ల వంటివి దాడిని రాజేయవచ్చని ఆధారాలున్నాయి. చిన్నప్పుడు బెల్లం, మిఠాయిలు ఎక్కువ తినడం వల్ల ఇది రాదు. తల్లి పాపం, తండ్రి శాపం అంతకన్నా కాదు. లక్షణాలు రావడానికి నెలలు, ఏళ్ల ముందే ప్రతిరక్షకాలు రక్తంలో ఉంటాయి. అందుకే వైద్యులు మూడు దశలుగా చెబుతారు. మొదటిదానిలో ప్రతిరక్షకాలు ఉంటాయి కానీ చక్కెర మామూలుగానే ఉంటుంది. రెండోదానిలో చక్కెర కొంచెం గతి తప్పుతుంది. మూడోదానిలో రోగం పైకి కనబడుతుంది.

సమీప రకాలు

టైప్ 2లో ఇన్సులిన్ ఉన్నా దానికి శరీరం సరిగా స్పందించదు. ఆరు నెలల లోపు శిశువులో మధుమేహం కనబడితే అది ఎక్కువగా ఒకే జన్యులోపం వల్ల వచ్చినది. అలాంటి వారిలో కొందరికి సూది మానిపించి మాత్రలు ఇవ్వవచ్చు కాబట్టి జన్యు పరీక్ష తప్పనిసరి. క్లోమంలో రాళ్లు ఏర్పడి వచ్చే మధుమేహం ఉష్ణమండల దేశాల్లో కనిపిస్తుంది. దీర్ఘకాల పోషకాహార లోపంతో వచ్చే రకాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సదస్సులో టైప్ 5గా గుర్తించింది. బక్కపలుచని ఆదివాసీ యువకుడికి చక్కెర ఎక్కువగా ఉందంటే అది టైప్ 1 అనే తీర్మానించకూడదు. సి-పెప్టైడ్, గాడ్ ప్రతిరక్షకాల పరీక్షలతో తేల్చుకోవాలి.

విస్తృతి

టైప్ 1 రేటు ఫిన్లాండ్‌లో ప్రపంచంలోనే అత్యధికం. అయినా ఇరవై ఏళ్ల లోపు రోగుల సంఖ్య ఎక్కువగా ఉన్నది భారతదేశంలోనే. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అట్లాసు అంచనా ప్రకారం వారు 2.29 లక్షల మంది. దేశంలో మొత్తం మధుమేహులు 10.1 కోట్లని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. ఆ కోట్ల పక్కన ఈ లక్షలు కనబడవు. ప్రభుత్వం ఊరూరా చేసే మధుమేహ పరీక్షలు 30 ఏళ్లు దాటినవారికి ఉద్దేశించినవి. పదేళ్ల పిల్ల ఆ వలలో పడదు. యువ మధుమేహుల కోసం ఐసీఎంఆర్ 2006లో ప్రత్యేక రిజిస్ట్రీ ప్రారంభించింది, 2022లో టైప్ 1 చికిత్సా మార్గదర్శకాలు విడుదల చేసింది.

లక్షణాలు, నిర్ధారణ

మాటిమాటికి మూత్రం, ఆగని దాహం, ఆకలి ఉన్నా బరువు తగ్గడం, నీరసం. పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ తడపడం, మూత్రం పోసిన చోట చీమలు చేరడం ఇంట్లోవాళ్లే గమనించగలిగే గుర్తులు. లక్షణాలతో పాటు ఏ సమయంలో చూసినా రక్తంలో చక్కెర డెసిలీటరుకు 200 మి.గ్రా. గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహమే. పరగడుపున 126, సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం కూడా హద్దులు. పిల్లల్లో లక్షణాలుంటే హెచ్‌బీఏ1సీ ఫలితం కోసం, రేపటి పరగడుపు పరీక్ష కోసం ఆగకూడదు. వేలి చుక్క రక్తంతో అప్పటికప్పుడే చూడాలి.

కీటోఎసిడోసిస్

చాలామంది పిల్లల్లో రోగం బయటపడేది ఈ అత్యవసర స్థితిలోనే. వాంతులు, కడుపునొప్పి, లోతైన వేగపు శ్వాస, నోటి నుంచి పండిన పండ్ల వాసన, ఆపై మగత, స్పృహ తప్పడం. వాంతులు, కడుపునొప్పి చూసి అజీర్తి అనో అపెండిక్స్ అనో, ఆయాసం చూసి నిమోనియా అనో పొరబడతారు. గాలి సోకిందని మంత్రం వేయించడమూ ఉంది. అన్నింటికన్నా ప్రమాదం, నీరసంగా ఉన్న పిల్లవాడికి చక్కెర చూడకుండానే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. ఊళ్లో మొదట చూసేది ఆర్‌ఎంపీ డాక్టరే కాబట్టి, సీసా తగిలించే ముందు వేలికి సూది గుచ్చి చూసే అలవాటు ఒక్కటి ఉన్నా ప్రాణాలు నిలుస్తాయి.

చికిత్సలో సెలైన్, నిదానంగా నరం ద్వారా ఇన్సులిన్, పొటాషియం లోపం సరిచేయడం ముఖ్యం. చికిత్స సమయంలో పిల్లల్లో మెదడు వాపు రావచ్చు. అందుకే గంటగంటకూ చూసుకునే వసతి ఉన్న ఆసుపత్రే దీనికి తగిన చోటు.

మన్ననూరు వాసులకు దగ్గరి పట్టణం అచ్చంపేట, అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2022 నవంబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. గద్వాలకు 2024లో వచ్చింది. అంతకుమించిన అవసరానికి హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. అప్పాపూర్ వంటి చెంచు పెంటలు (గూడేలు) అడవి లోపల ఉంటాయి. పులుల అభయారణ్యం కావడంతో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మామూలు వాహనాలను ఆపేస్తారు. పెంటలో పొద్దుగూకే వేళ వాంతులు మొదలైతే తెల్లవారాక చూద్దామన్న మాట ఈ రోగంలో పనికిరాదు. 108కు ఫోన్ చేయాలి.

చికిత్స: ఇన్సులిన్

రోజుకు కిలో బరువుకు సుమారు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ వరకు అవసరమవుతుంది, యుక్తవయసు వచ్చేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ. రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ ఒకటి, ప్రతి భోజనానికి ముందు త్వరగా పనిచేసేది ఒకటి ఇవ్వడం మేలైన పద్ధతి. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ వేసుకున్న అరగంటకు తినాలి. రెండూ కలిపిన సీసాతో రోజుకు రెండు సూదులు చౌక, సులువు. కానీ తినే వేళ మారితే చక్కెర పడిపోతుంది. పొట్ట, తొడ, చేయి, పిరుదు భాగాల్లో చోటు మారుస్తూ వేసుకోవాలి. ఒకే చోట గుచ్చితే చర్మం కింద గడ్డ కట్టి మందు సరిగా ఇంకదు.

*సీసా, సిరంజి.* మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి వాడాల్సింది ఎర్రమూత సిరంజి. పెన్నుల్లో పెట్టే కార్ట్‌రిడ్జ్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి, ఆ గాఢతకు చేసిన సిరంజి మూత నారింజ రంగులో ఉంటుంది. 40 మందును 100 సిరంజితో తీస్తే అందాల్సినదానిలో 40 శాతమే అందుతుంది. 100 మందును 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కుతుంది, అది ప్రాణాంతకం. మందుల షాపులో ఇచ్చింది తీసుకుని వచ్చేయకుండా సీసా మీది అంకె, మూత రంగు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. చదువురాని తల్లికి కూడా రంగు తెలుస్తుంది.

*నిల్వ.* తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుకలో ఉన్నది 25–30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. గడ్డకట్టినది ఎప్పటికీ పనికిరాదు, కాబట్టి ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఐసు గదికి ఆనించి పెట్టకూడదు. పాలమూరు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఒక మట్టి కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, మధ్య ఇసుక పోసి తడుపుతూ, లోపల సీసాను పొడి డబ్బాలో ఉంచి, మూత వేసి నీడలో గాలి తగిలే చోట పెట్టాలి. నీరు ఆవిరవుతూ లోపల చల్లబరుస్తుంది. వేసవిలో మంచినీళ్ల కుండ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. వానాకాలం గాలిలో తేమ ఎక్కువైతే దీని బలం తగ్గుతుంది. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మబ్బుగా మారినా, పాలలా ఉండేది గడ్డలు కట్టినా పారేయాలి.

ఆహారం, తక్కువ చక్కెర

టైప్ 1కు నిషేధించిన ధాన్యం లేదు. తిన్న పిండిపదార్థానికి తగ్గట్టు ఇన్సులిన్ లెక్క కుదరాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో సుమారు 78, జొన్నల్లో 68, తైదల్లో 67 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. జొన్నరొట్టె, తైద అంబలి మంచి తిండి. అయితే అవి తింటే సూది అక్కర్లేదన్న మాట నిజం కాదు. పిల్లవాడు తినకపోయినా, జ్వరం వచ్చినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. మోతాదు మారుతుంది, అంతే.

చక్కెర 70 కన్నా తగ్గితే చెమట, వణుకు, ఆకలి, చిరాకు, తికమక కలుగుతాయి. వెంటనే 15 గ్రాముల తీపి ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మూడు చెంచాల చక్కెర, లేదా ఒక పెద్ద చెంచా తేనె చాలు. నల్లమల తేనె ఈ ఒక్క సందర్భంలో మందు. మిగతా సమయాల్లో అడవి తేనె అయినా చక్కెరే. ఏడాది లోపు శిశువుకు తేనె పెట్టకూడదు. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాలి. పొలం పనికో అడవికో పోయేటప్పుడు జేబులో చక్కెర పొట్లం ఉండాలి.

దీర్ఘకాల ప్రభావాలు

చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాలు, పెద్ద రక్తనాళాలు రెండూ దెబ్బతింటాయి. నొప్పి లేకుండా జరిగే నష్టం ఇది. పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు, ఇంట్లో అంతా బాగుందనుకుంటారు.

*కళ్లు.* రెటీనాలోని రక్తనాళాలు ఉబ్బి, కారి, ఆపై కొత్త పెళుసు నాళాలు పుట్టి రక్తస్రావమవుతుంది. పదకొండేళ్లు దాటాక, రోగం వచ్చి రెండు నుంచి ఐదేళ్లయ్యాక రెటీనా పరీక్షలు మొదలుపెట్టాలి. చూపు తగ్గకముందే లేజర్‌తో ఆపవచ్చు. అక్షరాల బోర్డు చదివించి చూసే చూపు పరీక్ష, కంటిపాప పెద్దది చేసి చూసే రెటీనా పరీక్ష ఒకటి కావు. హైదరాబాద్‌లో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఈ సేవలకు పేరున్నవి.

*మూత్రపిండాలు.* తొలి గుర్తు మూత్రంలో అల్బుమిన్. గ్రాము క్రియాటినిన్‌కు 30 మి.గ్రా. దాటితే జాగ్రత్తపడాలి. ఈ దశలో చక్కెర, రక్తపోటు అదుపు చేసి, ఏసీఈ నిరోధకాల వంటి మందులిస్తే నష్టం నెమ్మదిస్తుంది. కాళ్లవాపు వచ్చేసరికి చాలా ఆలస్యమైనట్టే. చివరి దశ డయాలసిస్. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి మహబూబ్‌నగర్‌తో పాటు అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన ఆరోగ్యశ్రీ డయాలసిస్ ఖర్చును భరిస్తుంది. కానీ ఏడాదికోసారి చేసే మూత్ర పరీక్ష దానికన్నా ఎన్నో రెట్లు చౌక.

*నాడులు, పాదాలు.* అరికాళ్లలో మంట, తిమ్మిరి, ఆపై స్పర్శ పోవడం. చెప్పుల్లేకుండా అడవిలో, బురద పొలంలో తిరిగేవారికి ముల్లు దిగినా తెలియదు, పుండు లోతు తెలియదు. రోజూ రాత్రి పాదాలు చూసుకోవడం, ఇంకొకరితో చూపించుకోవడం అవసరం. లోపలి నాడులు దెబ్బతింటే జీర్ణాశయం మందగిస్తుంది, లేచి నిలబడితే రక్తపోటు పడిపోతుంది, చక్కెర తగ్గినా హెచ్చరిక లక్షణాలు రావు.

*గుండె, మెదడు.* గుండెపోటు, పక్షవాతం ముప్పు మధుమేహం లేనివారికన్నా చిన్న వయసులోనే మొదలవుతుంది. పొగతాగడం దాన్ని ఇంకా పెంచుతుంది కాబట్టి మానిపించాలి. బీడీ కూడా పొగే.

*ఎదుగుదల, ఇతర గ్రంథులు.* ఇన్సులిన్ చాలనప్పుడు పిల్లలు పొడవు పెరగరు, యుక్తవయసు ఆలస్యమవుతుంది, కాలేయం పెద్దదవుతుంది. దీన్ని 1930లో ఫ్రాన్స్‌లో పియర్ మోరియాక్ వర్ణించాడు. సొంత కణజాలంపై దాడి స్వభావం వల్ల థైరాయిడ్ వ్యాధి, గోధుమ పడని సీలియాక్ వ్యాధి కూడా తోడవుతాయి. రోజూ సూది, లెక్కలు, భయం వల్ల మనసు కుంగడమూ ఈ వ్యాధిలో భాగమే.

నష్టాన్ని తగ్గించవచ్చని తేల్చిన అధ్యయనం

అమెరికా, కెనడాల్లో 1,441 మందితో 1983 నుంచి 1993 వరకు సాగిన డీసీసీటీ అధ్యయనం ఈ రంగంలో మలుపు. కట్టుదిట్టమైన చికిత్స పొందినవారి హెచ్‌బీఏ1సీ సుమారు 7, మామూలు చికిత్స పొందినవారిది సుమారు 9 శాతం. సగటున ఆరున్నరేళ్లకే మొదటి బృందంలో కంటి వ్యాధి మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. నాడీ వ్యాధి 60 శాతం, మూత్రపిండ వ్యాధి 50 శాతం దాకా తగ్గాయి. తర్వాత రెండు బృందాల చక్కెర దాదాపు సమానమైనా, తొలినాళ్ల అదుపు మేలు ఏళ్ల తరబడి నిలిచింది. 2005లో ప్రకటించిన లెక్కలో గుండె, రక్తనాళాల సంఘటనలు 42 శాతం తక్కువ. శరీరం తొలి ఏళ్లను గుర్తుపెట్టుకుంటుందన్నమాట. అందుకే పదేళ్ల పిల్లకు మొదటి ఏడాది నుంచే చక్కెర చూసే స్ట్రిప్పులు, సరైన మోతాదు అందాలి. అమెరికాలోని జోస్లిన్ కేంద్రం ఇన్సులిన్‌తో 50 ఏళ్లు, 75 ఏళ్లు గడిపినవారికి పతకాలు ఇస్తూ వస్తోంది.

చాలామందికి హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు లక్ష్యం. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఈ పరీక్ష అసలుకన్నా ఎక్కువ చూపవచ్చు, కొడవలి కణ వ్యాధి ఉంటే తప్పుదోవ పట్టించవచ్చు. అక్కడ వేలి రక్తపు పరీక్షలే నమ్మకం.

కొత్త చికిత్సలు

చర్మానికి అంటించే నిరంతర గ్లూకోజ్ సెన్సర్, దానితో మాట్లాడే ఇన్సులిన్ పంపు ధనిక దేశాల్లో మామూలయ్యాయి. ఖర్చు వల్ల మన పల్లెలకు దూరం. రెండో దశలో ఉన్నవారికి టెప్లిజుమాబ్ అనే మందు మూడో దశను సగటున రెండేళ్లు వెనక్కి నెడుతుందని తేలి, 2022 నవంబరులో అమెరికా అనుమతించింది. పుటికల మార్పిడి 2000లో ఎడ్మంటన్ పద్ధతితో కుదిరింది. అయితే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి.

బడి, పెళ్లి, హక్కులు

ఇన్సులిన్ 1977 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మన దేశంలో దాని ధరపై ప్రభుత్వ నియంత్రణ ఉంది. ధర కన్నా బరువైనవి గ్లూకోజ్ స్ట్రిప్పులు. రోజుకు నాలుగుసార్లు చూడాలంటే కూలి చేసే ఇంట్లో అది పెద్ద ఖర్చు.

ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల్లో చదివే పిల్లలకు సూది వేసుకునే చోటు, సీసా దాచుకునే చల్లని చోటు, వేళకు భోజనం కావాలి. వార్డెన్‌కు తక్కువ చక్కెర లక్షణాలు తెలిసి ఉండాలి. సీబీఎస్‌ఈ 2017లో టైప్ 1 విద్యార్థులు పరీక్ష హాలుకు చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్లు తీసుకెళ్లవచ్చని చెప్పింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తరగతిలోనే చక్కెర చూసుకోవడానికి, సూది వేసుకోవడానికి అనుమతించాలని రాష్ట్రాలకు రాసింది.

ఆడపిల్లల జబ్బును పెళ్లి భయంతో దాచడం ఉంది. దాచిన ఇంట్లో సూది కూడా దాచి వేసుకోవాల్సి వస్తుంది, మోతాదులు తప్పుతాయి. టైప్ 1 ఉన్న స్త్రీ ఆరోగ్యవంతమైన బిడ్డను కనగలదు. గర్భం రాకముందే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే శిశువుకు అవయవ లోపాల ముప్పు బాగా తగ్గుతుంది. తొలి వారాల్లోనే అవయవాలు ఏర్పడతాయి కాబట్టి నెల తప్పిందని తెలిశాక మొదలుపెట్టే జాగ్రత్త కొంత ఆలస్యమైన జాగ్రత్తే. గర్భానికి ముందు, గర్భంలోనూ కళ్లు, మూత్రపిండాలు పరీక్షించుకోవాలి. ప్రసవమైన వెంటనే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది, మోతాదు ఆ రోజే మార్చాలి.